మగ్గాల హోరులో మూగదొర

తాత నోట్లోంచి మాట రావాలంటే పళ్ల డాక్టరు పట్టకారు పెట్టి లాగాలి. వీధిలో ఎవరైనా ఎదురై "ఏం పెద్దాయనా, బాగున్నారా?" అంటే "ఊ" అంటాడు. "ఒంట్లో బాగాలేదా ఏంటి?" అన్నా "ఊ" అనే అంటాడు. కాదనాల్సి వస్తే "ఊహూ" అనాలి. అందులో ఒక అక్షరం ఎక్కువ ఖర్చవుతుందని కాబోలు, వీలైనంత వరకూ కాదనే అవసరం రాకుండా చూసుకుంటాడు. బట్టల మిల్లులో జీవితమంతా మగ్గాలు నడిపిన ఈ మనిషికి తోటివాళ్లు పెట్టిన పేరు మూగదొర. మూగ సరే, దొర ఎందుకయ్యా అంటే ఆయన నడక. చేతులు వెనక్కి కట్టుకుని, షెడ్డంతా తన తాతముత్తాతలు రాసిచ్చిన ఆస్తి అన్నట్టు మగ్గాల వరసల మధ్య నడుస్తాడు. జేబులో చూస్తే మాత్రం ఒక చిన్న కత్తెరా, చెవుల్లో పెట్టుకునే దూదీ తప్ప ఏమీ ఉండవు.

అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన మూగతనం ఎవరికీ లోటనిపించలేదు. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే వాడేసేది. పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆవిడ విసిగిపోయి "అసలు మీకు మాటలొచ్చా రావా?" అని నిలదీస్తే, ఆయన చాలాసేపు ఆలోచించి "ఊ" అన్నాడట. "ఆ ఒక్క ఊ విని సరిపెట్టుకున్నాను, లేకపోతే ఆ రోజే పుట్టింటికి నడిచేదాన్ని" అని ఆవిడ బతికినన్నాళ్లూ చెప్పుకుని నవ్వింది.

కానీ బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. సాయంత్రం షిఫ్టు దిగి ఇంటికొచ్చాక, అమ్మమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతుంటే, తాత ఆవిడ పక్కన బకెట్ బోర్లించి దానిమీద కూర్చునేవాడు. ఆవిడ తలెత్తేది కాదు. ఆకులతో అంటున్నట్టు "ఊఁ, చెప్పండి" అనేది. అంతే, తాత మొదలు. ఏ మగ్గం మొండికేసింది, సూపర్‌వైజరు ఎవరిమీద ఎగిరాడు, ఎదురు మగ్గం ఆవిడ కూతురికి జ్వరం తగ్గిందా లేదా, పొద్దున మెట్లు దిగుతుంటే తన మోకాలు ఎలా కలుక్కుమంది. పెద్ద సంగతులేం కావు. ఆయన ఆగినచోటల్లా ఆవిడ "ఆఁ, తర్వాత?" అనేది. ఆకుకూర అయిపోయేసరికి ఆ రోజు బరువు కూడా దిగిపోయేది. తాత లేచి మొహం కడుక్కుని మళ్లీ మూగదొర అయిపోయేవాడు. తిని పడుకుంటే దుంగే.

ఆవిడ పోయేటప్పుడు కూడా ఆవిడే మాట్లాడింది. మందులెక్కడున్నాయో, స్టవ్వు ఎలా కట్టెయ్యాలో, చలికాలం గొంతుకి ఏం చుట్టుకోవాలో అన్నీ చెప్పింది. ఆయన "ఊ" అన్నాడు.

కూతురు రెండు బస్సు స్టాపుల అవతలే ఉంటుంది. "నా దగ్గరికొచ్చెయ్ నాన్నా" అంది. తాత "ఊహూ" అన్నాడు. ఆ ఎక్కువ అక్షరం ఖర్చుపెట్టాడంటే మరి మాట తిరగడని ఆ అమ్మాయికి తెలుసు. అలా మిల్లు వెనక వీధిలో రెండు గదుల్లో ఆయన ఒక్కడే మిగిలాడు. బకెట్ మాత్రం నీళ్లకి వాడుకున్నాడు. ఇక దాన్ని బోర్లించలేదు.

చెప్పుకోని మాటలు ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలియదు. తాత విషయంలో అవి ఎక్కడికీ పోలేదు, లోపలే పేరుకున్నాయి. రోజూ కొత్తవి వచ్చి పాతవాటిమీద కూర్చునేవి.

ఇక్కడ మగ్గాల షెడ్డు గురించి చెప్పాలి. అందులో అడుగుపెట్టాక మనిషికి నోరు దండగ. వందల మగ్గాలు ఒక్కసారి దడదడలాడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వాడికి ఎక్కదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, అక్కడ ఊదేవాడు కూడా చెవిటివాడే. అందుకని అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. పిడికిలి పెదాలకి ఆనిస్తే టీ వచ్చిందని. తలమీద చెయ్యి పెట్టి పొడుగ్గా పైకి లాగితే సూపర్‌వైజరు వస్తున్నాడని. ఆయన తలకాయ సొరకాయ ఆకారంలో ఉండబట్టి పుట్టిన సైగ అది. ఆయనకి తప్ప షెడ్డులో అందరికీ దాని అర్థం తెలుసు. అరచెయ్యి కిందికి అదిమితే మగ్గాలు ఆపుతున్నారని. నూలు దుమ్ము లోపలికి పోకుండా కొందరు ముక్కుకీ నోటికీ అడ్డంగా గుడ్డ కట్టుకుంటారు. తాత దుమ్మున్నా లేకున్నా కట్టుకుంటాడు.

ఒక మధ్యాహ్నం ఆయన మగ్గం మీదికి వంగి, పడుగు నిలువుదారాల్లో తెగిన పోగు వెతుకుతూ, గుడ్డ చాటున "ఇవాళ కూర మాడ్చేశానే" అన్నాడు. అనేసి అదిరిపడి చుట్టూ చూశాడు. ఒక్కరూ తల తిప్పలేదు. ఎదురు మగ్గం ఆవిడ అటూ ఇటూ పరిగెత్తే తన నాడెలో నూలు కండె మార్చుకుంటోంది. తన గొంతు తనకే వినపడలేదు, ఛాతీలో మాత్రం ఏదో పిట్ట రెక్క విదిల్చినట్టు కదిలింది. ఈసారి గట్టిగా అన్నాడు. "అడుగంటిపోయిందే! గిన్నె తోమలేక నానబెట్టొచ్చాను!"

పోగు ముడేసి మగ్గం వదిలితే అది టకాటక్ టకాటక్ అంది. తాతకి అందులో "ఆఁ తర్వాత, ఆఁ తర్వాత" అని వినపడింది.

ఇక చూడండి. మూగదొర నోరు కట్ట తెగింది. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి దిగేదాకా గుడ్డ చాటున ఒకటే కబుర్లు. షెడ్డులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషే అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు, అది ఒక్క ప్రాణికి తెలియదు. సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండగానే ఆయన్ని ఏడు తరాలు తిట్టేవాడు. తిడుతూనే వినయంగా తలూపేవాడు. ఇంటికెళ్లి శుభ్రంగా తినేవాడు, పడుకునేవాడు. ఏడాదికోసారి మిల్లు ఆసుపత్రి గదిలో అందరికీ పరీక్ష చేస్తారు. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "మీ ఒంట్లో కుర్రగుండె పెట్టారెవరో" అంది. తాత "ఊ" అన్నాడు. కాలర్ సర్దుకున్నాడు కూడా.

చదువుకున్నవాళ్లు ఇలాంటిదానికి ఏదో పేరు పెట్టే ఉంటారు. తాతకి పేరు అక్కర్లేకపోయింది. హోరు ఉంటే చాలు.

ఒకరోజు కరెంటు తీగలు మార్చడానికి మధ్యాహ్నం మగ్గాలన్నీ ఆపుతామని పొద్దున్నే అందరికీ చెప్పారు. తాత "ఊ" అన్నాడు. ఆయన ఊ అన్నాడంటే విన్నాడని కాదు. ఆ వేళకి షెడ్డు చివర్నుంచి అరచేతులు అదిమే సైగ వరస తర్వాత వరస దాటుకుంటూ వచ్చింది. ఎదురు మగ్గం ఆవిడ కూడా తాత వైపు తిరిగి చెయ్యి అదిమింది. తాత అప్పుడు తలొంచుకుని తెగిన కొసలు ముడేస్తున్నాడు. ముడి మీద కంటే కబుర్ల మీద శ్రద్ధ ఎక్కువగా ఉంది. మగ్గాలు ఆగాయి. ఆగినట్టు ఆయనకి తెలియలేదు. చెవుల్లో దూది ఉంది, అదొకటి. దూది తీసినా అంతే, ఏళ్ల తరబడి విన్న హోరు చెవుల్లో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పాత నేతగాళ్ల చెవుల్లో మిల్లు ఎప్పుడూ ఆగదు. సెలవు రోజు కూడా ఆగదు.

సూది పడితే వినపడేంత నిశ్శబ్దంలో, మూగదొర గొంతు చించుకుని అంటున్నాడు.

"ఆ సొరకాయగాడు ఇవాళ నా గుడ్డ ఎత్తి వెలుతురులో చూశాడే! పడుగేదో పేకేదో వాడికి తెలిస్తే నేను ఈ నాడె మింగేస్తాను!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. ఆయన చెయ్యి దానంతటదే తలమీదికి పోయింది. ఇన్నేళ్లుగా జనం తలలమీద ఏం సైగ చేసుకుంటున్నారో ఆ క్షణంలో ఆయనకి తెలిసొచ్చింది. అది చూసి జనం ఇంకా పడీపడీ నవ్వారు. ఆ నవ్వు కూడా తాతకి వినపడలేదు.

"నువ్వుంటే నవ్వలేక చచ్చేదానివి," అన్నాడు. కొస నోట్లో తడి చేసుకుని ముడి బిగించాడు. "అవునే, చెప్పడం మర్చిపోయాను. రాత్రి నీ వైపు దుప్పటి తీసి మడతపెట్టేశాను. ఇన్నాళ్లూ పరుస్తూనే ఉన్నాను, నీకు చలెక్కువ కదా అని. ఇంకెందుకులే అనిపించింది. కోపమొచ్చిందా?"

అని మగ్గం వదిలి ఆగాడు. మగ్గం జవాబు చెప్పాలి కదా. చెప్పలేదు. తాత తలెత్తి చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

తిట్టినందుకు ఏమన్నా చేస్తారేమో అనుకున్నాడు గానీ ఏం చెయ్యలేదు. పైగా మర్నాటి నుంచి అందరూ ఆయనతో మంచిగా ఉండటం మొదలుపెట్టారు. అదే చావొచ్చింది. టీ పోసే ఆయన రోజూ "దొరగారూ, దయచేయండి" అని వెక్కిరించేవాడు, ఇప్పుడు చక్కెర ఎక్కువేసి నెమ్మదిగా చేతికిస్తున్నాడు. సూపర్‌వైజరు భుజమ్మీద చెయ్యేసి "పెద్దాయనా, ఏదన్నా ఉంటే నాతో చెప్పుకోండి" అన్నాడు. వెక్కిరింత అయితే తాత తట్టుకోగలడు. జాలిని ఎలా తట్టుకోవాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

గుడ్డ కట్టుకునేవాడు, నోరు తెరిచేవాడు. మళ్లీ మూసేవాడు. మగ్గాలు ఇప్పుడే ఆగిపోతాయేమో అని చూపు కరెంటు బల్బు మీదికి పోయేది. మగ్గం "తర్వాత, తర్వాత" అని అడుగుతూనే ఉంది, ఈయన దగ్గర చెప్పడానికి నోరు లేదు. కొన్నాళ్లకి ఆ టకాటక్ వట్టి టకాటక్ అయిపోయింది.

నిద్ర ఎగిరిపోయింది. తిండి పోయింది. మెడ వెనక ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి పట్టుకుంది. తెగిన పోగు కనపడక గుడ్డ గీతలు పడేది. ఒకరోజు మగ్గం దగ్గర తూలితే ఎదురు మగ్గం ఆవిడ పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. ఆసుపత్రి గదికి తీసుకెళ్లారు. నర్సమ్మ పట్టీ చుట్టి, అంకె చూసి, పట్టీ విప్పి మళ్లీ చుట్టింది. ఈసారి కుర్రగుండె మాట ఎత్తలేదు.

డాక్టరు మందులు రాశాడు. "తిరిగే యంత్రాల మధ్య తల తిరిగి పడితే ఏం మిగలదు పెద్దాయనా. నెల్లాళ్లు చూస్తాను. ఈ బీపీ దిగకపోతే మిమ్మల్ని మగ్గాల మీద ఉంచను."

ఆయన వెళ్లాక నర్సమ్మ బల్లమీదికి వంగింది. "మనసులో ఏదన్నా బరువుందా?"

"ఊహూ."

"ఉంటే ఎవరితో చెప్పుకుంటారు?"

తాత పట్టీకి వేలాడే రబ్బరు గొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ప్రశ్నకి ఊ అనడానికీ లేదు, ఊహూ అనడానికీ లేదు.

మగ్గం పోతే పని పోదు, ఎక్కడో ఒక మూల కూర్చోబెడతారు. కానీ ఆ హోరులో తప్ప అమ్మమ్మ ఎక్కడా దొరకదు. ఇవాళ గొంతు పెగలకపోయినా రేపు పెగలొచ్చు, ఆశ ఉంది. హోరే లేకపోతే ఆశకి చోటెక్కడ? ఆవిడ రెండోసారి పోతుంది. అందుకని తాత నెల్లాళ్లలో ఆ అంకెని కిందికి దించాలని నడుం కట్టాడు.

ఆదివారం కూతురు వచ్చింది. మాత్రలు పూట పూటకీ గళ్ల డబ్బాలో సర్దింది. ఉప్పు డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది. "దొంగతనంగా కొని తెచ్చుకున్నావంటే చూడు" అంది. నిదానంగా గాలి పీల్చడం నేర్పింది.

"ముక్కుతో పీల్చు, కాసేపు ఆపు, నోటితో వదులు. ఆపమన్నానని అలాగే ఉండిపోతావేంటి నాన్నా, వదులు!"

తాత వదిలాడు. మగ్గానికి నూనె అయిపోయినప్పుడు ఇలాంటి చప్పుడే వస్తుంది.

"ఇప్పుడు చెప్పు. ఏమైంది మిల్లులో? నాతో చెప్పవా?" అని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన రెండు చేతులూ పట్టుకుని, కళ్లలోకి చూసింది. బంగారంలాంటి పిల్ల. తాత నిజంగానే చెబుదామనుకుని "మొన్న" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. తాత మొన్నని మొన్న దగ్గరే వదిలేశాడు. అమ్మమ్మ ఎప్పుడూ తలెత్తేది కాదు, చూపు ఆకుల మీదే ఉండేది. ఇలా చేతులు పట్టుకుని కళ్లలోకి చూస్తే పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టి నిజం చెప్పమన్నట్టుంది.

ఆయనకొక ఉపాయం తట్టింది. అక్షరాలు లెక్కపెట్టుకుని మాట్లాడే మనుషులకి ఉపాయాలు మాత్రం కొదవ ఉండవు. ఒక సాయంత్రం మిక్సీ తీసి, ఖాళీ గిన్నె బిగించి, మీట తిప్పాడు. గయ్యిమంది. మగ్గాలంత కాకపోయినా హోరు హోరే కదా. గుడ్డ కట్టుకుని గట్టు మీదికి వంగి "ఏమే" అన్నాడు. గొంతు కొంచెం పెగిలింది. "ఉప్పు కూడా ఎత్తుకుపోయిందే నీ కూతురు" అన్నాడు. సంతోషంతో ఇంకో మెట్టు పెంచాడు. అవతలి వాటాలో ఆవిడ గోడ మీద దబదబా కొట్టింది.

"ఏం రుబ్బుతున్నారండీ ఇంతసేపు?"

"ఏం లేదు," అన్నాడు తాత. అది నిజమే. మిక్సీ మోటారు కమురు వాసన కొట్టి, ఒకసారి మూలిగి, ఊరుకుంది.

కూతురు వచ్చి చూసింది. "ఏం వేశావు నాన్నా ఇందులో? రాళ్లేమన్నా వేశావా?"

"ఊహూ."

"ఖాళీది తిప్పావా?"

"ఊ."

"ఎందుకు?"

తాత మిక్సీ తీగ చుట్టసాగాడు.

"అమ్మ నీతో ఎలా వేగిందో గానీ," అంది ఆ పిల్ల. అనేసి నాలుక్కరుచుకుని మిక్సీని సంచిలో పెట్టుకుని వెళ్లింది. ఆ సంచిలోకి ఆ ఇంటి వస్తువులు ఒక్కొక్కటే చేరుతున్నాయి.

మిల్లులో ఎదురు మగ్గం ఆవిడ ఒకరోజు చేతులు కడుక్కునే పంపు దగ్గర ఆయన పక్కకి వచ్చింది. తాతకి చెల్లెలి వయసు. ఏళ్లుగా ఎదురెదురుగా పని చేస్తున్నారు, సైగలు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"ఎందుకాపేశారన్నా?" అంది.

తాత సబ్బు వైపు చూశాడు.

"నాకు వినపడేది కాదు లెండి. మీ నోటి దగ్గర గుడ్డ కదిలేది. నేను మీరు పాటలు పాడుకుంటున్నారనుకున్నాను. గుడ్డ కదిలినంతసేపూ ఎదురుగా ఎవరో ఉన్నట్టుండేది నాకు. ఇప్పుడు గోడకి ఎదురుగా పని చేస్తున్నట్టుంది. గోడైనా నయం, తూలి పడదు."

"ఊ," అన్నాడు తాత.

"ఊ అంటే?"

"ఊ."

"మంచిది," అని చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

నెల తిరిగింది. నర్సమ్మ పట్టీ చుట్టింది. ఉప్పు మానేసినందుకో మాత్రలు మింగినందుకో కొంచెం దిగింది గానీ డాక్టరు చెప్పినంత దిగలేదు. రాత్రిళ్లు కళ్లు తెరుచుకుని పడుకునేవాడికి ఎంతని దిగుతుంది? తాతని మగ్గాల మీద నుంచి తీసేశారు.

గుడ్డ చూసే గదిలో వేశారు. షెడ్డు వెనక, దళసరి తలుపు అవతల. ఏటవాలుగా ఒక గాజు బల్ల, దానికింద దీపం. నేసిన గుడ్డ ఆ గాజు మీదుగా జారుతుంటే ఎక్కడ పోగు తప్పిందో చూడాలి. గదిలో ఒక్కడే మనిషి. తలుపు మూస్తే హోరు పక్కింటి వాళ్ల పెళ్లి సందడిలా ఎక్కడో దూరాన ఉంటుంది. తాత చెవుల్లో దూది పెట్టుకోవాల్సిన పని లేదు. అలవాటు కొద్దీ జేబులో మాత్రం ఉంచుకున్నాడు. గుడ్డ కూడా మెడకి కట్టుకునే ఉన్నాడు, మూతి మీదికి లాక్కోవడానికి కారణం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెల్లగుడ్డ జారుతూ ఉండేది. కిందనుంచి దీపం మొహం మీద పడేది. ఒక్కోసారి తాతకి తాను లోపల ఉన్నాడో బయట ఉన్నాడో కూడా తెలిసేది కాదు.

ఆ మిల్లులో పాత పద్ధతి ఒకటుంది. గుడ్డలో తప్పు దొరికితే, దాన్ని నేసినవాళ్లని పిలిపించి దీపం మీద చూపించాలి. వాళ్లు అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుని, సూదితో ఆ పోగు ఎక్కించి వెళ్లాలి. కూలి కోయరు, తిట్టరు. అందరూ చూస్తుండగా మగ్గం వదిలి ఆ గదికి నడిచి వెళ్లడమే శిక్ష. నేతగాళ్లకి అది చాలు. ఎదురు మగ్గం ఆవిడ ఆ పీట మీద ఎప్పుడూ కూర్చుని ఎరగదు. ఆవిడ గుడ్డలో తప్పు వెతకడమూ అమావాస్య నాడు చంద్రుణ్ణి వెతకడమూ ఒకటే.

అలాంటిది ఒకరోజు ఆవిడ గుడ్డలో, అంచు దగ్గర, అడ్డంగా నేసే పేక పోగు ఒకటి లేదు. జానెడు పొడవున సన్నటి గీత. తాత కళ్లు నులుముకుని చూశాడు. పిలిపించాడు. ఆవిడ వచ్చింది, గీత చూసింది, "అయ్యో" అంది. పీట మీద కూర్చుని తలొంచుకుని ఎక్కించింది. తాత నిలబడి ఉన్నాడు. ఆవిడ పని ముగించి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి మళ్లీ. అదే అంచు, అదే జానెడు. ఈసారి తాత గుడ్డని దీపానికి దగ్గరగా పట్టుకుని చూశాడు. తెగిన పోగైతే కొస పీచుగా ఉంటుంది. నాడె తప్పితే రెండు పక్కలా ఒత్తుగా ఉంటుంది. ఇది రెండూ కాదు. నేశాక ఎవరో గోటితో శుభ్రంగా లాగేసిన పోగు. తాతకి చెవులు వేడెక్కాయి. పిలిపించాడు. ఆవిడ వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుని, ఎక్కించి వెళ్లింది.

మూడోసారి ఆవిడ తలుపు తోసుకుని వస్తూనే అంది. "ఎన్నాళ్లు నా చేత తప్పులు చేయిస్తారన్నా? అక్కడ నా పరువు గంగలో కలిసింది. ఇవాళ సొరకాయ నా దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టుకోమన్నాడు. నన్ను!"

తాత ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వే. చాన్నాళ్లయి వాడక తుప్పు పట్టింది.

ఆవిడ పీట మీద కూర్చుంది. గుడ్డ ఒళ్లోకి లాక్కుంది. సూది వెలుతురుకి పట్టి దారం ఎక్కించుకుంటూ, తలెత్తకుండా, సూదిని అడుగుతున్నట్టు అంది.

"అంతకీ, ఆవిడకి కోపమొచ్చిందా?"

తాతకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రోజు షెడ్డులో తను అడిగి, జవాబు రాక, అలాగే గాల్లో ఉండిపోయిన ప్రశ్న అది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అందరూ దాని చుట్టూ తిరిగి నడిచారు, నేలమీద పడుకున్న మనిషిని దాటలేక చుట్టూ తిరిగినట్టు.

మూలనున్న చెత్త బకెట్ ఖాళీగా ఉంది. తాత దాన్ని బోర్లించి కూర్చున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు. ఆ గదిలో తన గొంతు ఇంత పెద్దదా అని భయమేసింది. మెడ దగ్గర గుడ్డ పట్టుకున్నాడు, పైకి లాగలేదు. "దుప్పటి మళ్లీ బయటికి తీశాను. పరవలేదు, తీశాను అంతే. కుర్చీ మీద పెట్టాను. అక్కడుంటే దాన్ని మడిచినట్టూ కాదు, పరిచినట్టూ కాదు."

ఆవిడ చూపు గుడ్డ మీదే ఉంది. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి సూది నడుపుతోంది. తాత ఆగాడు. ఆవిడ తలెత్తకుండా "ఊఁ" అంది.

అప్పుడు చెప్పాడు. కూర మాడినది, మిక్సీ కాలినది, కూతురు చేతులు పట్టుకుంటే తను మాట మింగేసినది, రాత్రి కళ్లు మూస్తే చెవుల్లో మగ్గాలు తిరుగుతాయి గానీ వాటిలో మాటలేం లేవని. ఒకదాని వెంట ఒకటి రాలేదు. తెగేవి, ముడేసుకునేవాడు, మళ్లీ సాగేవి. జానెడు గీతకి అంతసేపు పట్టదు. ఆవిడ ఎక్కించిన పోగు ఒకసారి ఊడదీసి మళ్లీ ఎక్కించింది. చివరికి దారం పళ్లతో కొరికి లేచింది.

"మిగతాది వచ్చే తప్పుకి ఉంచండి. ఎక్కువసేపుంటే నిజంగానే కళ్లజోడు కొనిపెడతాడు ఆయన," అని తలుపు తీసింది. హోరు భళ్లున లోపలికొచ్చి, తలుపు మూసుకోగానే పోయింది.

తర్వాత అన్నీ చక్కబడిపోయాయని చెబితే అబద్ధమాడినట్టే. మాత్రలు ఆగలేదు. పరీక్షలో అంకె కొంచెం దిగింది, నర్సమ్మ కొంచెం నవ్వింది. మగ్గానికి మాత్రం తిరిగి పంపలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. గోడ అవతలి వాటాలో గిన్నెల చప్పుడు, ఇవతల ఏమీ లేదు. ఆదివారం కూతురొస్తే తాత ఆకుకూర కట్ట ఒకటి ఆ అమ్మాయి ముందు పెట్టి, తుంచమని సైగ చేశాడు. ఎందుకో ఆ పిల్లకి తెలియలేదు. తుంచింది. అది తలొంచుకున్నాక తాత రెండు ముక్కలు మాట్లాడాడు. కట్ట చిన్నది కావడం వల్ల అంతటితో సరిపోయింది.

ఎదురు మగ్గం ఆవిడ కూడా రోజూ తప్పులు చెయ్యలేదు కదా. ఆవిడకీ పేరుంది, ఇల్లుంది, కూతురుంది. చాలా రోజులు ఆవిడ గుడ్డ మచ్చ లేకుండా వస్తుంది. అలాంటి రోజున తాత దాన్ని అంచు నుంచి అంచు దాకా దీపం మీద మెల్లగా జారనిస్తాడు. ఒకసారి చూసినదాన్ని ఇంకోసారి చూస్తాడు. ఏమీ దొరకదు.

"ఇవాళ తప్పేం లేదే," అంటాడు, గుడ్డ అడ్డం లేకుండా, మామూలు గొంతుతో.

తర్వాత కాస్త ఆగుతాడు. "ఆఁ, తర్వాత?" అని ఎవరైనా అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆపైన ఆ గుడ్డ చుట్టేసి, ఇంకోటి దీపం మీదికి లాక్కుంటాడు.